సరిహద్దు ఇంట్లో పిల్లల పెంపకం: ఒడి వయసు నుంచి ప్లస్ టూ దాకా

ఒడిశాలోని బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం వైపు తెలుగిళ్లలో పిల్లల రోజు మూడు భాషల్లో గడుస్తుంది. పొద్దున అమ్మతో తెలుగు, బడిలో ఒడియా, ఫోన్లో హిందీ. సాయంత్రం ఇంటికొచ్చాక "బళ్లో ఏటైందిరా?" అని అడిగితే "కిఛి నాహిఁ" (ఏమీ లేదు) అని సంచీ మూలకి పడేసి పిల్లాడు ఆటకి పోతాడు. ఆ రెండు మాటల వెనక ఏముందో తెలియాలంటే వాడంతట వాడికే చెప్పాలనిపించాలి. అలా అనిపించడం ఒక్క రోజులో జరగదు. రోజూ చేసే చిన్న చిన్న పనుల వల్ల, ఏళ్ల తరబడి కుదురుకుంటుంది. ఆ పనులు ఏవి, ఎంతసేపు చేయాలి, ఎక్కడ బెడిసికొడతాయి అన్నదే ఇక్కడ రాస్తున్నాం.

ప్రేమా ఉండాలి, హద్దూ ఉండాలి

1966లో డయానా బౌమ్‌రిండ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త తల్లిదండ్రుల తీరుని మూడు రకాలుగా చెప్పారు. చెప్పిందే వేదంగా శాసించేవాళ్లు, ఏదడిగినా సరేననేవాళ్లు, ప్రేమగా ఉంటూనే హద్దు గీసి దానికి కారణం కూడా చెప్పేవాళ్లు. 1983లో ఎలినార్ మెకోబీ, జాన్ మార్టిన్ నాలుగో రకాన్ని చేర్చారు: ప్రేమా లేదు, హద్దూ లేదు, పిల్లల్ని పట్టించుకోవడమే లేదు. ఆ తర్వాత చాలా దేశాల్లో జరిగిన పరిశీలనల్లో మూడో రకం ఇళ్లలో పెరిగిన పిల్లలే చదువులోను, స్నేహాల్లోను, తమని తాము అదుపులో పెట్టుకోవడంలోను మెరుగ్గా ఉంటున్నారని ఎక్కువగా తేలింది.

మన ఇళ్లలో సాధారణంగా ఈ రెండిటినీ ఇద్దరు పంచుకుంటారు. నాన్న హద్దు, అమ్మ ప్రేమ. లేదా అమ్మ హద్దు, నాన్నమ్మ ప్రేమ. అప్పుడు పిల్లాడు హద్దున్న మనిషిని తప్పించుకుని ప్రేమున్న మనిషి దగ్గరికి వెళ్లడం నేర్చుకుంటాడు, హద్దుని మాత్రం నేర్చుకోడు. రెండూ ఒకే మనిషి దగ్గర దొరకాలి. కింద చెప్పే పనులన్నీ దానికోసమే.

రోజుకి 15 నిమిషాలు, పిల్లల చేతికి

మొదట మొదలుపెట్టాల్సింది ఇదే. మిగతావాటికి ఇది పునాది. ఇది లేకుండా నియమాలతో మొదలుపెడితే మీ మాట పిల్లల చెవికి ఎక్కదు.

పదేళ్లలోపు పిల్లలైతే రోజూ ఒకే వేళ ఎంచుకోండి. దీపాలు పెట్టాక, వంటకి లేచేముందు, ఏదో ఒకటి. 15 నిమిషాలు చాలు. ఫోను ఇంకో గదిలో పెట్టండి. ఆట పిల్లలే ఎంచుకోవాలి: గచ్చకాయలు, అష్టాచెమ్మా, బొమ్మరిల్లు, ఇసకలో గుంటలు, ఏదైనా సరే. ఆ 15 నిమిషాలూ మీరు మూడు పనులు చేయకూడదు. ప్రశ్నలు వేయకూడదు, సరిదిద్దకూడదు, పాఠం చెప్పకూడదు. చేయాల్సింది చూడటం, కళ్లముందు కనపడేది పైకి అనడం.

ఆరేళ్ల పాప కొబ్బరి చిప్పల్లో ఇసకన్నం వండుతోందనుకోండి. "ఇది ఏ రంగు? ఎన్ని చిప్పలున్నాయి? లెక్కపెట్టు" అనగానే అది బడైపోతుంది, పాప చేయి ఆగిపోతుంది. అదే "ఓహో, పెద్ద చిప్పలో అన్నం, చిన్నదాంట్లో పప్పు. మూత కూడా పెట్టేసావే!" అంటే తలెత్తి మిమ్మల్ని చూసి, ఇంకో చిప్ప తీసి మీ ముందు పెడుతుంది. "ఇది నీకు" అంటుంది. అక్కడితో మీరు ఆ ఆటలో మనిషయ్యారు.

పదేళ్లు దాటినవాళ్లకి ఈ పద్ధతి పనికిరాదు, చిన్నపిల్లల్లా చూస్తున్నారని చిరాకు పడతారు. వాళ్లతో పక్కపక్కన కూర్చుని చేసే పని పెట్టుకోండి. చిక్కుడుకాయలు ఈనెలు తీయడం, బండి కడగడం, హాటుకి, అంటే వారపు సంతకి, నడిచి వెళ్లడం. ఎదురెదురుగా కూర్చోబెట్టి "చెప్పు" అంటే నోరు మూసుకునే పదమూడేళ్ల కుర్రాడు, కళ్లు కలవనక్కర్లేనప్పుడు నడుస్తూ నడుస్తూ మాట్లాడతాడు. మీరు ఓ ఐదు నిమిషాలు ఏమీ అనకుండా ఉండగలిగితే చాలు.

ఇది చెడేది మూడు చోట్ల. మొదటిది, నాలుగు రోజులు చేసి మానేయడం. రోజూ కుదరకపోతే వారానికి మూడు రోజులే పెట్టుకోండి గాని ఆ మూడూ తప్పకండి. రెండోది, ఇద్దరు ముగ్గురు పిల్లలుంటే అందరినీ కలిపి కూర్చోబెట్టడం. తలా ఏడెనిమిది నిమిషాలైనా విడివిడిగా ఇవ్వండి. మూడోది అన్నిటికంటే పెద్దది: అల్లరి చేశాడని ఆ రోజు ఈ సమయాన్ని రద్దు చేయడం. అప్పుడు మీ ప్రేమ మార్కుల్ని బట్టి, మంచితనాన్ని బట్టి దొరికే కూలీ అయిపోతుంది. అల్లరి చేసిన రోజే వాడికి ఆ 15 నిమిషాలు ఎక్కువ అవసరం.

ఇంట్లో తెలుగు, భయం లేకుండా

"రెండు మూడు భాషలు కలిస్తే పిల్లలకి మాటలు ఆలస్యమవుతాయి" అని చాలామంది ఇంట్లో తెలుగు ఆపేసి వచ్చీరాని ఒడియాలోనో హిందీలోనో మాట్లాడుతుంటారు. ఇది పొరపాటు. రెండు భాషల మధ్య పెరగడం మాటలు రాకపోవడానికి కారణం కాదు. ఒక్కో భాషలో మాటలు తక్కువున్నట్టు కనిపించినా, అన్ని భాషలవీ కలిపి లెక్కపెడితే మిగతా పిల్లలతో సమానంగానే ఉంటాయి. "అమ్మా, పాణి ఇయ్యి" లాంటి కలగలుపు వాక్యం గందరగోళానికి గుర్తు కాదు, రెండు పెట్టెల్లోంచి దొరికింది తీసి వాడుకోవడం. దానికి తిట్టకండి, నవ్వకండి. "నీళ్లు కావాలా? ఇదిగో నీళ్లు" అని సరైన మాటని మీరు పలికి వదిలేయండి.

తెలుగు మానేయకూడదనడానికి ఇంకో కారణం ఉంది. లాలించడం, బుజ్జగించడం, తప్పు చెప్పడం, సిగ్గు విషయం మాట్లాడటం మీకు బాగా వచ్చిన భాషలోనే కుదురుతాయి. కూరగాయల బేరానికి సరిపోయే ఒడియాతో పద్నాలుగేళ్ల కూతురి మనసు కనుక్కోలేరు. పర్లాకిమిడిలో బడిపంతులుగా ఉంటూనే సవరలనే గిరిజనుల భాష నేర్చుకుని దానికి నిఘంటువు, వ్యాకరణం తయారుచేసిన గిడుగు రామమూర్తిగారు తిరిగిన నేల ఇది. ఈ ప్రాంతంలో నాలుగు భాషలు వచ్చినవాడు వింత కాదు.

చదవడం, రాయడం విషయానికొస్తే, బడిలో ఒడియా అక్షరాలు కుదిరాక రోజుకి 10 నిమిషాలు తెలుగు పెట్టండి. రెండూ గుండ్రటి లిపులే కాబట్టి మొదటి నెలల్లో కలిసిపోతాయి. అందుకే ఒకే పుస్తకంలో, ఒకే కూర్చోవడంలో రెండూ రాయించకండి. పుస్తకం వేరు, వేళ వేరు. ఒక భాషలో చదవడం వచ్చినవాడికి రెండోది త్వరగానే వస్తుంది.

అయితే రెండేళ్లు నిండినా రెండు మాటలు కలిపి అనలేకపోతే, పిలిస్తే తిరిగి చూడకపోతే, వచ్చిన మాటలు పోతుంటే "భాషలెక్కువయ్యాయి, అవే వస్తాయి" అని ఆగకండి. ముందు వినికిడి పరీక్ష చేయించండి. 2013 నుంచి నడుస్తున్న రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద అంగన్‌వాడీలోను, సర్కారు బడిలోను 18 ఏళ్లలోపు పిల్లలకి ఇలాంటివి ఉచితంగా చూస్తారు. అంగన్‌వాడీలో అడిగితే ఎప్పుడొస్తారో, ఎక్కడికి పంపుతారో చెబుతారు.

పిల్లల్ని దుబాసీలుగా వాడకండి

ఇది సరిహద్దు ఇళ్లలో ఎక్కువగా కనిపించే చిక్కు. పెంపకం పుస్తకాల్లో దీనికి చోటు తక్కువ గనక కాస్త వివరంగా చెప్పాలి.

ఒడియా చదవడం రాని తల్లిదండ్రులకి బడి డైరీ ఎవరు చదివి చెబుతారు? పిల్లాడే. పంతులుగారు "రోజూ ఆలస్యంగా వస్తున్నాడు, హోంవర్క్ చేయడం లేదు, తల్లిదండ్రులు వచ్చి కలవాలి" అని రాస్తే, "రేపు సెలవంట" అని చదివేది వాడే. ఆ అబద్ధానికి వాణ్ణి తప్పుపట్టి లాభం లేదు. తన మీద ఫిర్యాదుని తానే చదవమనడం ఏ మనిషికైనా కష్టమైన పని. అలాగే డాక్టరు దగ్గర అమ్మ గర్భసంచి సంగతి, బ్యాంకులో నాన్న అప్పు సంగతి, తగాదాల్లో పోలీసు అడిగే సంగతి పదకొండేళ్ల పాప నోటి మీదుగా నడుస్తుంటాయి. ఆ పాప పెద్దవాళ్ల భయాలన్నీ మోస్తుంది. ఇంట్లో నిజానికి తనే పెద్ద అని కూడా గ్రహిస్తుంది. ఆ తర్వాత మీరు గీసే హద్దుకి బలం ఉండదు.

దుకాణం చీటీ, బస్సు బోర్డు, పండక్కి పక్కింటివాళ్లతో మాట, ఇవి పిల్లలు చెప్పచ్చు. "నువ్వు చదివి పెట్టావు, నాకు పని సుళువైంది" అంటే గర్వపడతారు కూడా. వాళ్ల మీద ఫిర్యాదు, పెద్దల జబ్బు, అప్పు, తగాదా, ఈ నాలుగూ వాళ్ల చేత చెప్పించకండి.

దానికి బదులు చేయాల్సింది:

బడి మొదలైన మొదటి నెలలోనే క్లాసు మాస్టారుని కలిసి, "మోతే ఒడియా పఢి ఆసే నాహిఁ, ఫోన్‌రే కహంతు" అనండి. నాకు ఒడియా చదవడం రాదు, ఫోన్లో చెప్పండి అని. సిగ్గుపడాల్సిన పని లేదు, ఈ జిల్లాల్లో మాస్టార్లకి ఇది కొత్త కాదు.

ఒడియా అంకెలు సున్నా నుంచి తొమ్మిది దాకా నేర్చుకోండి. రోజుకి రెండు చొప్పున ఐదు రోజుల పని. మార్కులు, తేదీలు మీరే చూసుకోగలుగుతారు. ఆ తర్వాత డైరీలో తరచూ కనపడే మాటలు ఆకారం గుర్తుపట్టేలా నేర్చుకోండి: ఉపస్థిత అంటే హాజరు, అనుపస్థిత అంటే గైరుహాజరు, పరీక్షా, ఛుటి అంటే సెలవు, అభిభావక అంటే తల్లి లేదా తండ్రి, దస్తఖత అంటే సంతకం, అభియోగ అంటే ఫిర్యాదు. ఇవి పిల్లాడి చేతే పెద్ద అక్షరాల్లో ఒక కాగితం మీద రాయించి గోడకి అంటించండి. మీకు నేర్పుతున్నానన్న సంబరం వాడిది, చదవడం వచ్చిందన్న నిమ్మది మీది.

పెద్ద కాగితం ఏదైనా వస్తే ఫొటో తీసి, ఒడియా చదవగలిగే పెద్దవాళ్లకే పంపండి. ఆసుపత్రికి వెళ్లేటప్పుడు పక్కింటావిడనో, ఆశా కార్యకర్తనో తోడు తీసుకెళ్లండి.

నియమాలు, పిలుపు, మెచ్చుకోలు

ఇంట్లో నియమాలు ఐదు దాటకూడదు. ఇరవై ఉంటే ఏదీ ఉండదు. "మంచిగా ఉండు" నియమం కాదు, అదేమిటో పిల్లలకి తెలియదు. "చెల్లిని కొట్టకూడదు", "చీకటి పడేలోగా ఇంటికి రావాలి", "అబద్ధం చెప్పకూడదు" అంటే తెలుస్తుంది.

పని చెప్పేటప్పుడు వంటింట్లోంచి అరవకండి. దగ్గరికి వెళ్లి, పేరు పెట్టి పిలిచి, మీ వైపు చూశాక ఒకే ఒక్క పని చెప్పండి. "చిన్నీ, పుస్తకాలు సంచీలో పెట్టెయ్." ఐదు లెక్కపెట్టేంతసేపు ఆగండి. చాలామంది ఆ ఐదు క్షణాలు ఆగలేక అదే మాట నాలుగుసార్లు అంటారు, అప్పుడు పిల్లలు నాలుగోసారికి లేవడం అలవాటు చేసుకుంటారు. "పుస్తకాలు సద్ది, కాళ్లు కడుక్కుని, నాన్నని పిలిచి, ప్లేట్లు పెట్టు" అంటే ఐదేళ్ల బుర్రలో మొదటిది పోయి చివరిది మిగులుతుంది. వద్దనడం కంటే ఏం చేయాలో చెప్పడం మేలు: "పరిగెత్తకు" కాదు, "నా చేయి పట్టుకుని నడు". "టీవీ కట్టెయ్" అని గొడవపడే బదులు "అన్నం తిన్నాక టీవీ" అనండి.

చేయగానే మెచ్చుకోండి. "గుడ్ బాయ్" సరిపోదు, ఏం చేశాడో అందులో ఉండాలి. "పనసతొన చెల్లికి ముందు పెట్టావు, బాగుంది." "ఆ లెక్క రాలేదు, అయినా మూడుసార్లు వేరేవేరేగా చేసి చూశావు." తెలివిని మెచ్చుకుంటే ఏమవుతుందో 1998లో క్లాడియా మ్యూలర్, కేరల్ డ్వెక్ ప్రచురించిన ప్రయోగాలు చూపించాయి. "నువ్వు తెలివైనవాడివి" అని పొగిడించుకున్న పిల్లలు కష్టమైన పజిల్ ఎదురవగానే వెనక్కి తగ్గారు, కష్టపడ్డావని మెచ్చుకున్న పిల్లలు దాని మీదే కూర్చున్నారు. "మీ పెద్దనాన్న కొడుకుని చూడు" అనే పోలిక మాత్రం పూర్తిగా మానండి. అది చదువు పెంచదు, ఆ అన్నదమ్ముల మధ్య విషం పెడుతుంది.

ఇప్పుడు బెడిసికొట్టే చోటు. దుకాణం ముందు బిస్కట్ కోసం నాలుగేళ్లవాడు నేల మీద పడి ఏడుస్తున్నాడు. తొమ్మిదిసార్లు కాదని పదోసారి కొనిపెడితే, వాడు నేర్చుకున్నది "పదిసార్లు ఏడవాలి" అని. అందుకే కాదనేముందు ఆలోచించండి. కొనేదైతే మొదటిసారే కొనండి, కానిదైతే ఎంత ఏడ్చినా కాదు. ఇలా గట్టిగా నిలబడటం మొదలెట్టిన మొదటి వారం ఏడుపు తగ్గదు, పెరుగుతుంది. పాత మంత్రం పారట్లేదని ఇంకా గట్టిగా చదువుతున్నాడన్నమాట. చాలామంది సరిగ్గా అప్పుడే "ఇది మావాడికి పనిచేయదు" అని వదిలేస్తారు. ఇంకొన్ని రోజులు ఆగితే దిగుతుంది. ఈలోగా నాన్నమ్మ చాటుగా కొనిచ్చిందంటే మళ్లీ మొదటికొస్తుంది. ముందే ఆవిడతో కూర్చుని మాట్లాడండి: "అత్తయ్యా, దుకాణం దగ్గర ఏడిస్తే కొనద్దు. ఆదివారం మీరే తీసుకెళ్లి ఇష్టమైంది కొనిపెట్టండి." ప్రేమ చూపే దారి మూసేస్తే ఏ నాన్నమ్మా ఒప్పుకోదు, దారి మార్చితే ఒప్పుకుంటుంది.

తప్పుకి ఫలితం అదే రోజు ఉండాలి, తప్పుతో సంబంధం ఉండాలి, త్వరగా అయిపోవాలి. నీళ్లు ఒలకబోసినవాడు తుడవాలి. సైకిలు రోడ్డు మీదకి తీసుకెళ్తే ఆ సాయంత్రానికి సైకిలు లేదు. "నెల రోజులు ఆట బంద్" అన్న శిక్షని మీరే మూడో రోజుకి మర్చిపోతారు, అది వాడికీ తెలుసు. మూడు నుంచి ఎనిమిదేళ్లవాళ్లు కొట్టడం, కొరకడం చేస్తే ఆట నుంచి తీసి పక్కన కూర్చోబెట్టచ్చు. వయసులో ఒక్కో ఏడాదికి ఒక్క నిమిషం లెక్కన, ఐదు నిమిషాలు దాటకుండా. చీకటి గదిలో మాత్రం పెట్టకండి.

కొట్టడం గురించి సూటిగా చెప్పాలి. 2009 విద్యా హక్కు చట్టం 17వ సెక్షన్ బడిలో కొట్టడాన్ని, మనసు నొచ్చేలా వేధించడాన్ని నిషేధించింది. ఇంట్లో కూడా దెబ్బ నేర్పేది ఒక్కటే: దొరక్కుండా చేయాలని. ఆ నిమిషానికి అల్లరి ఆగుతుంది కాబట్టి పనిచేసిందనిపిస్తుంది. కోపం తలకెక్కితే "ఇప్పుడు నాకు కోపంగా ఉంది, కాసేపాగి మాట్లాడతా" అని వాకిట్లోకి నడవండి. చేయి చేసుకుంటే, చల్లబడ్డాక "కొట్టకూడదు, తప్పయింది" అని ఒక్క వాక్యం చెప్పండి. దాంతో మీ విలువ తగ్గదు.

నిద్ర, ఆట, తిండి

సగం అల్లరి, సగం చదువు రాకపోవడం ఇక్కడే తేలిపోతుంది. 3 నుంచి 5 ఏళ్ల పిల్లలకి పగటి నిద్రతో కలిపి 10 నుంచి 13 గంటలు, 6 నుంచి 12 ఏళ్లవాళ్లకి 9 నుంచి 12 గంటలు, 13 నుంచి 18 ఏళ్లవాళ్లకి 8 నుంచి 10 గంటలు నిద్ర కావాలి. ఎండాకాలం పొద్దుటిబడి పెట్టినప్పుడు ఒక్కసారిగా గంటన్నర ముందు లేపకండి, వారం ముందు నుంచి రోజుకి పావుగంట చొప్పున పడుకునే వేళ జరపండి. టీనేజీలో రాత్రి నిద్ర సహజంగానే ఆలస్యంగా పడుతుంది, శరీరంలో నిద్రకి సాయపడే మెలటోనిన్ ఆలస్యంగా ఊరడం వల్ల. పొద్దెక్కి లేస్తే అది పూర్తిగా బద్ధకం కాదు.

5 నుంచి 17 ఏళ్ల పిల్లలకి రోజుకి 60 నిమిషాలు ఒళ్లు చెమర్చే ఆట ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ట్యూషన్ కోసం దీన్ని కోయకండి. ఆడపిల్ల ఎప్పుడూ అలసటగా, చదివింది గుర్తుండక ఉంటే తిట్టేముందు రక్తపరీక్ష చేయించండి, రక్తహీనత కావచ్చు. బడిలో వారానికొకటి ఇచ్చే నీలం రంగు ఐరన్ మాత్ర ఖాళీ కడుపున వేస్తే వికారం పుడుతుంది, అందుకే పిల్లలు పారేస్తారు. అన్నం తిన్నాక వేయమనండి. చోడి (రాగి) అంబలి, మునగాకు, మీద కాస్త నిమ్మరసం ఇంట్లో అలవాటు చేయండి.

ఫోను

రెండేళ్లలోపు వద్దు. 2 నుంచి 4 ఏళ్ల మధ్య రోజు మొత్తానికి గంట దాటకూడదు, అన్నం తినిపించడానికి ఎరగా అసలు వాడకూడదు. ఫోను చూస్తూ తిన్న పిల్లలకి ఆకలి, కడుపునిండటం తెలియవు.

పెద్ద పిల్లలకి నిమిషాలు లెక్కపెట్టడం కంటే చోటు, వేళ నిర్ణయించడం తేలిక. రాత్రి 9:30కి ఇంట్లో ఫోన్లన్నీ, మీవి కూడా, ముందుగదిలో ఒకే చోట చార్జింగ్‌కి. మీది మంచం పక్కనే ఉంటే ఈ నియమం మూడో రాత్రికి పోతుంది. ఇంకో మాట ముందే, ఏమీ జరగనప్పుడే చెప్పి పెట్టండి: "ఎవరైనా ఫొటో అడిగినా, బెదిరించినా, డబ్బు పోయినా ముందు నాకు చెప్పు. ఫోను లాక్కోను, తిట్టను." ఫోను లాక్కుంటారన్న భయంతోనే పిల్లలు బెదిరింపుల్ని దాస్తారు. అలాంటిది జరిగితే చాట్ చెరపకుండా 1930కి ఫోన్ చేయండి, అది సైబర్ నేరాల ఫిర్యాదు నంబరు.

ఈడొచ్చేటప్పుడు

ఆడపిల్లతో తొమ్మిదో ఏటే మాట్లాడాలి, మగపిల్లాడితో పదకొండో ఏట. రక్తం చూశాక, పక్క తడిశాక చెబితే అప్పటికే భయపడి ఉంటారు. మాట ఎలా మొదలుపెట్టాలో తెలియకపోతే ఒడిశాలో చక్కటి వీలుంది. జూన్ నడిమిన వచ్చే రజ పండగ మూడు రోజులూ భూమాత బహిష్టులో ఉందని నాగలి కట్టరు, నేల తవ్వరు. ఆడపిల్లలు కొత్త బట్టలు కట్టి ఉయ్యాలలూగుతారు, పోడపిఠా అనే పిండివంట తింటారు. "నేలకి కూడా అలాగే అవుతుందని పండగ చేస్తున్నారు చూడు, నీకూ రెండు మూడేళ్లలో అవుతుంది" అని ఆ ఉయ్యాల దగ్గరే చెప్పచ్చు. ప్యాడు నాలుగు నుంచి ఆరు గంటలకోసారి మార్చాలని, గుడ్డైతే ఉతికి ఎండలోనే ఆరేయాలని, బడి సంచీలో ఒకటి ఎప్పుడూ ఉండాలని చెప్పండి. పెద్దమనిషైనప్పుడు వేడుక ఎంత చేయాలన్నది ఆ పిల్లని అడిగి చేయండి. ఒడియా స్నేహితురాళ్ల ముందు మైకు పెట్టి చేసే సంబరం కొందరికి ఇష్టం, కొందరికి నరకం. బడి మాత్రం మాన్పించకండి.

మేనమామ పిల్లల్ని చూపించి "అదిగో నీ మొగుడు", "నీ పెళ్లాం వచ్చింది" అనే పరాచికాలు ఆపేయాలి. ఒడియా ఇళ్లలో మేనత్త, మేనమామ పిల్లలు అన్నాచెల్లెళ్ల వరసే. ఆ మాట బడిలో పాకితే మీ పిల్ల పడే అవమానం మీకు కనపడదు.

బడిలో "తెలెంగా" అని ఏడిపిస్తున్నారని చెబితే "పట్టించుకోకు" అని కొట్టిపారేయకండి. ఎవరు, ఎక్కడ, ఎన్నిసార్లు అన్నారో వినండి. "అవును, మేం తెలుగువాళ్లమే, నీకు రెండు భాషలొస్తే నాకు మూడొచ్చు" లాంటి జవాబుని ఇంట్లోనే రెండు మూడుసార్లు పైకి అనిపించండి. చేయి చేసుకునేదాకా వస్తే మీరే మాస్టారుని కలవండి, పిల్లాడి చేతిలో చీటీ పెట్టి పంపకండి.

టీనేజీ: నిఘా కాదు, నమ్మకం

2000లో హాకన్ స్టాటిన్, మార్గరెట్ కెర్ స్వీడన్‌లో 14 ఏళ్ల పిల్లల మీద చేసిన పరిశీలన ఈ విషయంలో చాలామంది ఆలోచన మార్చింది. పిల్లల సంగతులు తల్లిదండ్రులకి ఎక్కువగా తెలిసేది ఆరాలు తీయడం వల్ల కాదు, పిల్లలు తమంతట తాము చెప్పడం వల్ల. కాబట్టి మీరు అడగాల్సింది "ఎలా కనిపెట్టాలి" అని కాదు, "చెప్పినప్పుడు నేనేం చేస్తున్నాను" అని.

బరంపురంలో రెండేళ్లకోసారి జరిగే అమ్మవారి జాతర, ఠాకురాణి యాత్ర రోజులనుకోండి. పదిహేనేళ్ల కుర్రాడు 8:30కి రావాల్సినవాడు 9:40కి వచ్చాడు. గుమ్మంలోనే "ఎక్కడ చచ్చావు, ఎవరితో తిరిగావు, ఫోనెందుకు ఎత్తలేదు" అంటే మూడు ప్రశ్నలకీ కలిపి ఒక్క అబద్ధం వస్తుంది. అలా కాకుండా:

"వచ్చావా. భయమేసింది నాన్నా. కాళ్లు కడుక్కుని తిను."

తిన్నాక: "ఏటైంది?" అని అడిగి, ఆగి, పూర్తిగా వినండి. వేషాలు చూస్తూ నిలబడిపోయానని, ఫోన్లో చార్జింగ్ అయిపోయిందని, ఫలానా స్నేహితుడు సిగరెట్ కాల్చాడని చెప్పచ్చు. ఆ మూడోది వినగానే మీ మొహం మారుతుంది. అక్కడే పట్టు కావాలి. "నువ్వేం చేశావు?" అని అడగండి, స్నేహితుణ్ణి తిట్టకండి. తిడితే ఇకమీదట ఆ పేరు మీకు వినపడదు, స్నేహం మాత్రం ఉంటుంది. చివర్లో: "నిజం చెప్పావు, బాగుంది. గంటా పది నిమిషాలు ఆలస్యమైంది. రేపు వెళ్లచ్చు గాని 7:30కే రావాలి. సరిగ్గా వస్తే ఎల్లుండి మళ్లీ 8:30." ప్రేమ, హద్దు, కారణం మూడూ అందులో ఉన్నాయి, ఎల్లుండికి దారీ ఉంది.

దేనికి పట్టుబట్టాలో ముందే తేల్చుకోండి. హెల్మెట్ లేకుండా బండి, మత్తు, ఎక్కడికెళ్తున్నదీ చెప్పకపోవడం, వీటిలో బేరం లేదు. ఇంటికొచ్చే వేళ, చేతిఖర్చు, ప్లస్ టూలో ఏ గ్రూపు, ఇవి కూర్చుని మాట్లాడుకోవాలి. జుట్టు, చొక్కా, పాట వాళ్లిష్టం. ముందుచూపు, పట్టు కలిగించే మెదడు ముందుభాగం పాతికేళ్ల వయసు వరకు పక్వమవుతూనే ఉంటుంది కాబట్టి ఒకే తప్పు రెండుసార్లు చేయడం మామూలే. మెట్రిక్ (పదో తరగతి) పరీక్షల ఏడాది ఇంట్లో మాటలన్నీ మార్కుల చుట్టూ తిరుగుతాయి. రోజుకి ఒక్కసారైనా చదువు మాటే లేని సంభాషణ ఉండేలా చూడండి.

నాన్న దూరంగా ఉంటే

సూరత్ మగ్గాల మీదికో, విశాఖకో, గల్ఫ్‌కో వెళ్లిన తండ్రులు ఫోను మీదే పెంచాలి. వారానికి మూడు రోజులు, షిఫ్టుని బట్టి ఒకే వేళ. ఒక్కో బిడ్డతో విడిగా ఐదు నిమిషాలు. "చదువుతున్నావా, అమ్మ మాట వింటున్నావా" అనే రెండు ప్రశ్నలకి రెండు "ఊఁ"లే వస్తాయి. పోయినసారి చెప్పిన సంగతి గుర్తుపెట్టుకుని దాని గురించే అడగండి: "ఆ కుక్కపిల్ల కుంటుతోందన్నావు, ఇప్పుడెలా ఉంది?" అమ్మ "మీ నాన్న రానీ, చెప్తాను" అని బెదిరించకూడదు. ఏడాదికోసారి వచ్చే మనిషి జడ్జీ అయిపోతాడు. ఇంటికొచ్చిన తండ్రి మొదటి వారం ఏ నియమమూ మార్చకూడదు, ముందు ఇల్లెలా నడుస్తోందో చూడాలి.

ఎప్పుడు సాయం అడగాలి

రెండు వారాలు దాటి నిద్ర, తిండి మారిపోవడం, ఇష్టమైన ఆట వదిలేయడం, బడికి వెళ్లనని మొండికేయడం, ఒంటి మీద గాట్లు, "నేను లేకపోతే మీకు బావుంటుంది" అనే మాట, వీటిలో ఏది కనిపించినా ఆగకండి. "చచ్చిపోవాలనిపిస్తోందా?" అని నేరుగా అడగండి. అడిగితే లేని ఆలోచన పుట్టదు, ఉన్నది బయటికొస్తుంది. అవునంటే ఒంటరిగా వదలకండి. పురుగుమందు, మాత్రలు తాళం వేయండి, అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్లండి. బరంపురం ఎం.కె.సి.జి. మెడికల్ కాలేజీలో మానసిక వైద్య విభాగం ఉంది. మనసు బాధలకి ఫోన్లో సాయం చేసే ప్రభుత్వ సేవ టెలీ మానస్ నంబరు 14416, పగలూ రాత్రీ ఉచితం, భాష ఎంచుకోవచ్చు. పిల్లల మీద ఎవరైనా చేయి వేసినా, పెళ్లికి బలవంతపెట్టినా పిల్లల సాయం నంబరు 1098కి ఫోన్ చేయండి. ఈ రెండు నంబర్లూ మీ ఫోన్లోనే కాదు, పిల్లల బడి డైరీ వెనక అట్ట మీద కూడా రాసి ఉంచండి.